గుర్రాలు ఇరవై, సకిలింపులు రెండొందలు

మా వీధి బుల్లెట్ వీరుడికి శతకోటి దీవెనలు.

నాయనా, నిన్న రాత్రి పదకొండూ ఇరవైకి నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని తెలిసి చాలా సంతోషించాం. మేమే కాదు, ఎదురింటి ఆరు నెలల పసిగుడ్డూ, మూలింట్లో గుండె ఆపరేషన్ చేయించుకున్న మాస్టారూ, రెండు వీధుల అవతల మా వియ్యపురాలూ లేచి కూర్చుని మరీ సంతోషించారు. పూర్వం పిల్లవాడు ఆలస్యంగా వస్తే తల్లి ఒక్కతే మేలుకుని ఉండేది. ఆ భారాన్ని నువ్వు పేటంతటికీ సమానంగా పంచావు. మా వీధి కుక్కలు రెండూ ఒకప్పుడు అర్ధరాత్రి మొరిగి మమ్మల్ని కాపాడేవి. నీ పోటీకి తట్టుకోలేక అవి స్వచ్ఛంద పదవీ విరమణ చేశాయి.

ఇంత ఘనకార్యానికి నీకు పట్టింది అరగంట. కిందటి నెల ఆటోనగర్ వైపు వెళ్లావు. కంపెనీ బిగించిన సైలెన్సర్ విప్పించావు, కొత్త గొట్టం తగిలించావు, డబ్బిచ్చి రయ్యిమన్నావు. ఇలాంటి కొట్లలో గోడకు వేలాడే సరుకు పేర్లు నేనూ విన్నాను. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, డాల్ఫిన్, గోల్డ్‌స్టార్, మెగాఫోన్, ఇండోరీ. సగం వింటే బ్రాందీ కొట్టు అనిపిస్తుంది, మిగతా సగం వింటే సర్కస్ డేరా అనిపిస్తుంది. అమ్మేటప్పుడు మాత్రం అన్నిటినీ సైలెన్సర్లనే అంటారు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు.

"ఎందుకు మార్చావు బాబూ?" అని అడిగితే నువ్వు చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుంది. "పవర్ పెరుగుతుంది అంకుల్!"

నీ బండి 349 సీసీ. కంపెనీ చెప్పే లెక్కలో దాని బలం 20 గుర్రాల పైచిలుకు. గొట్టం మార్చాక అవి ఎన్నయ్యాయో నువ్వు కొలిపించలేదు. కొలవడానికి డైనో అనే యంత్రం ఒకటుందని ఎవరూ నీకు చెప్పలేదు, నువ్వూ అడగలేదు. నేను చెవితో కొలిచి చెబుతున్నాను. గుర్రాలు ఆ ఇరవయ్యే. సకిలింపులు రెండొందలయ్యాయి. మేత సరిగ్గా పడక ఆ ఇరవైలోనూ రెండు మూడు కుంటుతున్నాయేమోనని నా అనుమానం.

ఆ మేత సంగతి తర్వాత చెబుతాను. ముందు నువ్వు పీకించేసిన వస్తువు ఏం చేసేదో విను. నీ ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకో. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకోసారి కాలిన వాయువును బయటికి తోస్తుంది. నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు, సోడా గోలీ కొట్టినట్టు లోపలి ఒత్తిడి బయటికి దూకుతుంది. ఆ దెబ్బను ఉన్నపళాన వీధిలోకి వదిలితే ఊళ్లో మనుషులు కాపురం చేయలేరని అమెరికాలో రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజను మఫ్లర్‌కు పేటెంటు తీసుకున్నారు. అప్పటినుంచి ఇంజనీర్లు చిల్లుల గొట్టాలూ అరలూ అడ్డుగోడలూ పేర్చి, ఒక అలను ఇంకో అల చేత కొట్టించి, చప్పుడును లోలోపలే చంపుతూ వచ్చారు. నూట పాతికేళ్ల ఆ కష్టాన్ని నువ్వు అరగంటలో విప్పించి అటక మీద పడేశావు. ఆ అటక గుర్తుంచుకో, చివర్లో దాంతో పనుంది.

ఇదంతా అంకుల్‌కెలా తెలుసంటావా? తొంభైల్లో నేనూ నీలాంటి వీరుణ్నే. నా దగ్గర పాత ఇనప ఇంజను బుల్లెట్ ఉండేది, 346 సీసీ. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆమ్మీటర్ ముల్లు నడిమికి వచ్చేదాకా చూసి, డీకంప్రెషన్ లివర్ నొక్కి, దండం పెట్టుకుని కిక్కు కొట్టాలి. లెక్క తప్పితే ఆ కిక్కు రాడ్డు వెనక్కొచ్చి పిక్క మీద తన్నేది. అలాంటి మర్యాదస్తురాలైన బండికి నేనొక బాకా గొట్టం తగిలించి, ఊరంతా ఊరేగి, వారం తిరక్కుండా మేస్త్రి షెడ్డుకు తోసుకెళ్లాను. బండి వేడెక్కిపోతోంది, పికప్ చచ్చింది, ఎక్స్‌లేటర్ వదిలిన ప్రతిసారీ వెనక దీపావళి.

మేస్త్రి చుట్టూ తిరిగి చూశాడు. "గొట్టం మీరు మార్చారు సరే, జెట్టెవరు మారుస్తారండీ, మీ మావగారా?" అన్నాడు.

తర్వాత ప్లగ్గు విప్పాడు. కొస తెల్లగా ఉంది. "ఇది ప్లగ్గు కాదండీ, సంక్రాంతికి సున్నం కొట్టిన గోడ. మీ ఇంజను పస్తులుంటోంది."

నాకు అర్థం కాలేదు. అప్పుడాయన వంటింటి భాషలోకి దిగాడు. "కట్టెల పొయ్యి మండుతోందనుకోండి. పెరటి తలుపు బార్లా తీశారు. గాలి రివ్వున లాగుద్ది. మంట చెదిరిపోద్ది. అన్నం ఉడకదు, గిన్నె మాత్రం మాడుద్ది. తలుపు తీసినవాడు ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యాలా, వద్దా?"

అదీ నాయనా, మేత సంగతి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి పీల్చే ఫిల్టరూ, కార్బొరేటర్లో పెట్రోలు పోసే జెట్టూ, పొగ వదిలే సైలెన్సరూ ఈ లెక్క మీద కలిసి కాపురం చేస్తాయి. కంపెనీవాడు జెట్టు చిల్లును తన సైలెన్సర్‌ని బట్టే నిర్ణయిస్తాడు. వెనక తలుపు తెరిస్తే ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది, పెట్రోలు మాత్రం పాత కొలతలోనే పడుతుంది. మిశ్రమం పలచనై మంట మందగిస్తుంది, ఇంజను కాగిపోతుంది. ఎక్స్‌లేటర్ వదలగానే లోపల మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలోకి వెళ్లి అక్కడ పేలుతుంది. అదే నువ్వు సిగ్నల్ దగ్గర ఆడపిల్లలు వినాలని రెండుసార్లు ఎక్కువ చేసే టపటపలు. అది బండి నవ్వనుకుంటున్నావు. అది దగ్గు.

మేస్త్రి నా బండిని మూడు ఆదివారాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆ మూడు ఆదివారాల కథ నీకు చెప్పి తీరాలి. నీ అరగంటలో లేనిదంతా అందులోనే ఉంది.

మొదటి ఆదివారం ఆయన జెట్ల జోలికే పోలేదు. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, గొట్టం కొసను ఒక్క క్షణం మందపాటి గుడ్డతో నొక్కి, ఇంజనుకూ గొట్టానికీ అతుకు ఉన్నచోట చెవి పెట్టాడు. బుస్సుమంది. గ్యాస్కెట్ మార్చాడు. "ఇక్కడ గాలి దొంగతనంగా దూరుతుంటే మీరు ఎన్ని జెట్లు మార్చినా టపాసులు ఆగవండీ." ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్ దులిపాడు, ట్యాపెట్లు చూశాడు, పాయింట్ల సందు సరిచేశాడు. ఉన్న రోగాలన్నీ కుదిరితేనే కొత్త రోగం ఏదో తెలుస్తుందని ఆయన వైద్యం.

రెండో ఆదివారం ఎక్స్‌లేటర్ పిడి మీద తెల్ల టేపు చుట్టి పెన్నుతో గీతలు గీశాడు. పావు, సగం, ముప్పావు, పూర్తి. పిడి మూసి ఉన్నచోటా, కాస్త తిప్పినచోటా పెత్తనం స్లో జెట్టుది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. ముప్పావు దాటితే మెయిన్ జెట్టుది. బండి ఎక్కడ నసుగుతుందో గీత చూసి చెబితే, తప్పు ఎవరిదో తేలిపోతుంది. మా ఆఫీసులో అంత స్పష్టమైన పని విభజన నేను రిటైరయ్యేదాకా చూడలేదు. మెయిన్ జెట్టు ఒక్కో సైజే పెంచుతూ పోయాడు. ప్రతిసారీ తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీద పూర్తిగా తిప్పి లాగించాడు. అదే ఊపులో క్లచ్ పట్టి, ఇంజను ఆపి, రోడ్డు పక్కనే ప్లగ్గు విప్పి చూశాడు. సున్నం రంగైతే పెట్రోలు చాలలేదు. మసి రంగైతే ఎక్కువైంది. పాలు తక్కువ పోసిన కాఫీ రంగు రావాలి. ఆ రోజు నాలుగుసార్లు విప్పినా దొరకని కాఫీ అయిదోసారికి దొరికింది.

మూడో ఆదివారం నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించాడు. క్లిప్పు దిగితే నీడిల్ లేస్తుంది, పెట్రోలు కాస్త ఎక్కువ వస్తుంది. చివరగా ఎయిర్ స్క్రూ దగ్గర కూర్చుని, పాలకేంద్రంలో వెన్న శాతం చూసేవాడిలా పావు చుట్టు ముందుకూ పావు చుట్టు వెనక్కూ తిప్పుతూ, ఐడ్లింగ్ ఎక్కడ బాగా పుంజుకుంటుందో అక్కడ ఆపాడు. ఆయన సూత్రం ఒకటే: ఒకసారికి ఒకటే మార్పు. రెండు కలిపి మార్చినవాడికి రోగం కుదిరినా ఎందుకు కుదిరిందో తెలియదట.

మూడు ఆదివారాల తర్వాత బండి వెన్నలా కుదిరింది. టపాసులు ఆగాయి. నేను పొంగిపోయి, "ఇప్పుడు పవర్ పెరిగినట్టేనా?" అన్నాను.

"పెరిగిందండీ. కాస్త."

"కాస్తేనా?"

"మీరు ముద్దపప్పులో నెయ్యి మానేస్తే బండి ఇంతకంటే ఎక్కువ లాగుద్ది."

ఆ మాట నా పొట్ట మీద కొట్టినట్టయింది. మరుసటి ఆదివారమే ఆయన చేతే పాత సైలెన్సర్ తిరిగి తగిలించి, పాత జెట్లు వేయించుకుని ఇంటికొచ్చాను. నెయ్యి మాత్రం మానలేదు.

ఇదంతా కార్బొరేటర్ కాలం నాటి పురాణం, నా బండిలో కంప్యూటర్ ఉంది అంటావు. ఉంది నాయనా. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక నీలాంటి బండ్లలో పెట్రోలును ఇంజెక్టర్ చిమ్ముతుంది. పొగ వాసన చూడటానికి గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ అనే ముక్కు ఉంటుంది. నింపాదిగా పోతున్నప్పుడు ఆ ముక్కు చెప్పినట్టు కంప్యూటర్ మిశ్రమాన్ని 14.7 దగ్గరికి లాక్కొస్తుంది. నీ తప్పును అది కొంతవరకూ కప్పిపుచ్చుతుంది, కొడుకు సిగరెట్టు వాసనను అగరొత్తులతో కప్పే అమ్మలాగా. నువ్వు పిడి పూర్తిగా తిప్పగానే మాత్రం అది ముక్కు మాట వినడం మానేసి, ఫ్యాక్టరీలో రాసిచ్చిన పట్టిక చదువుతుంది. ఆ పట్టిక రాసినవాళ్లు నువ్వు తగిలించిన డాల్ఫిన్ గొట్టం మొహం చూడలేదు. దాన్ని తిరగరాయాలంటే బండిని డైనో ఎక్కించి, ప్రతి వేగం దగ్గరా పొగ కొలిచి, పూర్తి లోడు మీద మిశ్రమాన్ని 13 చుట్టుపక్కలకు తెచ్చి, కంప్యూటర్‌కు కొత్త పాఠం చెప్పాలి. నీ కొట్టువాళ్లు చేసిందేమిటి? సెన్సర్ వైరు పీకారు. పీకగానే మీటర్లో పసుపు దీపం వెలిగింది. దీపం మీద నల్ల టేపు అంటించారు. మేస్త్రి టేపు అంటించింది తప్పు ఎక్కడుందో చూడటానికి. నీ మెకానిక్ అంటించింది చూడకుండా ఉండటానికి.

ఇంకో ముచ్చట. కొన్ని బండ్లలో విషవాయువులను విరిచే కెటాలిటిక్ కన్వర్టర్ ఆ గొట్టంలోనే ఉంటుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. నీదీ అలాంటి బండే అయితే, అంతటి లోహాలున్న గొట్టం తీసేసి రేకు గొట్టం తగిలించుకున్నావంటే, ఇంట్లో బంగారం అటకెక్కించి గిల్టు గొలుసుతో పెళ్లికి వెళ్లినట్టుంది.

"చప్పుడుంటే సేఫ్టీ అంకుల్, ముందు వెళ్లేవాళ్లు పక్కకు తప్పుకుంటారు" అని నువ్వే ఇంకోసారి అన్నావు. ఆలోచించు బాబూ. నీ గొట్టం మూతి వెనక్కి చూస్తోంది. నీకు ప్రమాదం వచ్చేది ఎక్కువగా ముందునుంచి. ఎదురుగా మలుపు తిరిగే లారీ డ్రైవరు అద్దాలు ఎత్తుకుని పాటలు వింటున్నాడు. నీ వీరగర్జన అతనికి చేరేలోగా మా మాస్టారి గుండెకు చేరుతోంది. ప్రాణరక్షకు హెల్మెట్ ఉంది. అది నీ ట్యాంకు మీద కూర్చుని ఊరు చూస్తోంది.

చట్టం లేదనుకునేవు. కావలసినంత ఉంది. 175 సీసీ దాటిన మోటారు సైకిళ్ల శబ్దానికి తయారీ దశలోనే 80 డెసిబెల్స్ హద్దు పెట్టారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం జనం కాపురముండే చోట రాత్రి పది దాటితే 45 డెసిబెల్స్ మించకూడదు. డెసిబెల్స్ లెక్క కిరాణా లెక్కలా ఉండదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శబ్ద, వాయు ప్రమాణాలు ఉల్లంఘిస్తే 2019 సవరణ మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టింది. నీ డాల్ఫిన్‌కు ఉప్పునీళ్లు తాగించడానికి ఇది చాలు.

అయితే మన దగ్గర చట్టానికీ చప్పుడంటేనే ఇష్టం. విశాఖలో, హైదరాబాదులో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. కెమెరాలు వచ్చాయి, రేకులు కరకరలాడాయి, వీడియోలు ఊరంతా తిరిగాయి. చూసి నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ కొడుతూ ఒక సంగతి గమనించాను. రోలరు కిందికి వచ్చినవన్నీ గొట్టాలే. వాటిని అమ్మిన కొట్టు షట్టరు ఒక్కటీ రాలేదు. తొక్కడం ఒకరోజు పండగ, అమ్మడం ఏడాది పొడవునా వ్యాపారం. రోలరు కూడా ఒకరకం మెగాఫోనే.

చప్పుడే ఆస్తి అనుకోవడంలో నువ్వు ఒంటరివాడివి కావులే. హార్లే-డేవిడ్‌సన్ కంపెనీ తన ఇంజను శబ్దానికే ట్రేడ్‌మార్కు ఇవ్వమని 1994లో దరఖాస్తు పెట్టింది. పోటీ కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. ఏళ్ల తరబడి వాదులాడి 2000లో ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. అంత పెద్ద కంపెనీ కూడా చప్పుడు తనదేనని నిరూపించుకోలేకపోయింది. నువ్వు మాత్రం దిగులుపడకు. నీ చప్పుడు నీదేనని సాక్ష్యం చెప్పడానికి మా వీధి మొత్తం సిద్ధంగా ఉంది, స్టేషనుకొచ్చి మరీ.

అసలు సంగతి ఒప్పుకుందాం. నీకు పవర్ అక్కర్లేదు. అక్కరుంటే మెయిన్ జెట్టు గురించి అడిగేవాడివి. జెట్టు శనగగింజంత ఇత్తడి ముక్క. దాన్ని వేసుకుని తిరిగితే ఎవడూ తల తిప్పి చూడడు. ప్లగ్గు కాఫీ రంగులో ఉందని స్టేటస్ పెడితే ఒక్క లైకూ రాదు. బుల్లెట్టు బండి పాట పెళ్లి పందిళ్లన్నిటా మోగింది. ఎయిర్ స్క్రూ పావు చుట్టు మీద పాట రాసే కవి ఇంకా పుట్టలేదు. గొట్టం మార్చడం అరగంట, ఊరంతా వింటుంది. ట్యూనింగ్ మూడు ఆదివారాలు, నువ్వూ మేస్త్రీ తప్ప ఎవరూ వినరు. అందుకే మొదటిది బజారంతా దొరుకుతోంది, రెండోది చేసే చేతులు షెడ్డు మూసేసుకుంటున్నాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని పెద్దలు అన్నది సరిగ్గా ఇలాంటి బండిని చూసే. కంచుకీ కనకానికీ ఉన్న తేడాను వేమన ఏనాడో తేల్చేశాడు. ఆయన కాలంలో ఇండోరీ సైలెన్సర్ ఉంటే ఇంకో పద్యం అదనంగా వచ్చేది.

ఇక అటక దగ్గరికి వద్దాం. నిన్న మా అల్లుడు ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. "బుల్లెట్ 350 అమ్మబడును. సింగిల్ ఓనర్. కారణం: మైలేజీ రావడం లేదు, ఇంజను వేడెక్కుతోంది." ఫొటో చూస్తే అది నీ బండే. కొనేవాళ్లు మొదట అడిగేది "ఒరిజినల్ సైలెన్సర్ ఉందా?" అనే కదా. అందుకేనేమో కింద పెద్ద అక్షరాల్లో రాశావు: "కంపెనీ సైలెన్సర్ భద్రంగా ఉంది. కొత్తది. అసలు వాడలేదు."

చదివి చాలాసేపు నవ్వుకున్నాను. బండితోపాటు వచ్చినవాటిలో వాడకుండా మిగిలింది అదొక్కటేనట. నడిపినవాడి తలలో ఏం మిగిలిందో ప్రకటనలో రాయలేదు.

ఇట్లు,
రాత్రి పదకొండూ ఇరవై నుంచి మేలుకుని ఉన్న
నీ శ్రేయోభిలాషి